‘మ్యూజ్’ ప్రేరణాదేవి కాదు

కృష్ణశాస్త్రికి ఊర్వశి, నండూరికి ఎంకి ‘ప్రేరణాదేవతలు’ అనే వాక్యం భావకవిత్వ పరిశోధనలలో చెల్లుబాటవుతున్నది. ‘మ్యూజ్’కు ఇదే సరియైన తెలుగు అని కొందరి నమ్మకం. ఈ సమీకరణం అంగీకారయోగ్యం కాదు.

గ్రీకుల ‘మూసా’ కవి ప్రేయసి కాదు. హెసియొడ్ చెప్పిన ప్రకారం వీరు తొమ్మండుగురు అక్కచెల్లెళ్లు. తండ్రి జ్యూస్, తల్లి స్మృతిదేవత నెమోసినీ. అనగా జ్ఞాపకానికి పుట్టినవారు. కవి వారిని ప్రార్థిస్తాడు, వారు పలికిస్తారు. సజీవురాలైన స్త్రీని ఈ పేరుతో పిలవడం తరువాతి ఐరోపా వాడుక. ఆలోచనలో మునగడమనే అర్థంగల ఆంగ్ల క్రియ ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చిన వేరొక పదం. ఆ రెండింటినీ కలిపి ‘ధ్యానదేవత’ను సృష్టించడం మరింత సాహసం.

ఊర్వశికి ఆ అర్వాచీనార్థం కొంత అతుకుతుందేమో. ఎంకికి అదీ అతకదు. ఆమె నాయుడుబావతో సరసమాడే, అలిగే, తన మాట తాను చెప్పుకొనే పాత్ర. ఆమెను ప్రేరణగా మార్చడమంటే ఆమె నోరు మూయించడమే.

మన కవులు తమను పలికించినవారిని దాచలేదు. తిక్కనకు స్వప్నంలో హరిహరనాథుడు, కృష్ణరాయలకు శ్రీకాకుళ ఆంధ్రవిష్ణువు, పోతనకు రాముడు. పోతన పేర ప్రచారంలో ఉన్న చాటువులో కన్నీరు పెట్టినది సరస్వతి, ఓదార్చినవాడు కవి. గ్రీకు సంబంధం ఇక్కడ తలక్రిందులైనది. కనుక ‘మ్యూజ్ అంటే సరస్వతి’ అన్నా చిక్కు తీరదు.

అనువదించక తప్పదా? అలెగ్జాండరు పేరు పారసీకంలో సికందర్ అయినది. 1806లో నిజాం సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసినది. ఆ పేరును ఎవరూ తెనిగించలేదు. గ్రీకు ‘మూసికే’ అరబ్బీ మీదుగా ఉర్దూ ‘మౌసికీ’గా ఈ జంటనగరాలకు ఏనాడో చేరినది. సాలార్‌జంగ్ మ్యూజియం పేరులో ఉన్నదీ ఆ దేవతలే. (దాని ప్రక్కన పారే మూసీకి మాత్రం ధ్వనిసామ్యం చూసి చుట్టరికం కలపరాదు, అది ముచికుంద.) గ్రీకు భావం చెప్పవలసినచోట ‘మ్యూజ్’ అనే వ్రాయవచ్చు. తెలుగు కవి విషయంలో ఆ కవి చెప్పుకొన్న పేరే వ్రాయాలి.

ప్రేరణ అంటే స్త్రీ, కవి అంటే పురుషుడు అని ముందే నిర్ణయించుకొన్నవారు మొల్లను ఎక్కడ నిలుపుతారు? రాముడు చెప్పించగా చెప్పుచున్నానన్నది ఆమె. ముద్దుపళని రాధికాసాంత్వనానికి ఏ ప్రేయసిని వెదకుతారు?