ఇంజను వచ్చినా పోటు పోలేదు

పడవ మునిగి మనుషులు పోతే అది వార్త. పడవ ఇసుక మేట మీద కూర్చుండిపోయి, అందులోని పదిమంది పూటంతా ఎండలో పడిగాపులు పడితే అది వార్త కాదు. కాకినాడ నుంచి అంతర్వేది వరకు గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటల్లా ఈ రెండో రకం ప్రమాదాలు మామూలైపోయాయి. వాటిని లెక్క రాసేవారు లేరు. ఐసు కరిగి చేప పాడవుతుంది. రేవులో కాచుకున్న వ్యాపారి వెళ్లిపోతాడు. ఇసుక తిన్న ఇంజను మరమ్మతుకు వస్తుంది. లంక నుంచి ఆసుపత్రికి బయలుదేరిన రోగి ఏటి మధ్యలో ఉండిపోవలసి వస్తుంది. దీన్నంతటినీ దురదృష్టం కింద కొట్టివేయడం అందరికీ అలవాటైంది. నిజానికి ఇందులో అదృష్టం పాలు కొంచెమే. ఎక్కువ పాలు పంచాంగానిది.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుచేత ఏ రోజుకారోజు పోటు సుమారు రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో పోటు నీటికీ పాటు నీటికీ తేడా ఈ తీరంలో సుమారు ఒకటిన్నర మీటర్లు. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. ఒకటిన్నర మీటర్లంటే పెద్ద ఓడకు లెక్కలోది కాకపోవచ్చు. మోకాలి లోతు నీటిలో నడిచే నాటుపడవకు మాత్రం అది ఏరుకూ ఎడారికీ ఉన్న తేడా.

నీరు తీసే తీరు కూడా ఒకే విధంగా ఉండదు. ఆరు గంటల పాటులో మొదటి గంటలో తగ్గేది పన్నెండో వంతే. మూడు, నాలుగు గంటల్లో సగానికి సగం దిగిపోతుంది. ఇంకా నీరుంది కదా అని అడ్డదారి పట్టిన పడవ కళ్లెదుటే ఇసుకలో పడేది ఈ రెండు గంటల్లోనే.

అందుకే పడవ ఎక్కడ తగులుకుంది అన్న ప్రశ్న కంటే ఎప్పుడు తగులుకుంది అన్న ప్రశ్న ముఖ్యం. నీరు ఎక్కుతున్నప్పుడు తగులుకుంటే చుట్ట కాల్చుకునేంతలో పడవ తేలుతుంది. పోటు తిరిగిన గంటకు తగులుకుంటే మళ్లీ అంత నీరు రావడానికి పది గంటలు పడుతుంది. ఇక అమావాస్య నిండు పోటులో మేట ఎక్కి కూర్చున్న పడవ గతి మరీ దారుణం. తర్వాతి పోట్లు రోజురోజుకూ తగ్గుతూ పోతాయి గనుక అది మళ్లీ పౌర్ణమి దాకా కదలకపోవచ్చు. ఏటి మొగలో ముందు మొల లోతు చూసుకోకుండా పాటు నీటిలో కొత్తదారి వెతకరాదని పాత సరంగులు చెప్పే మాటకు ఇదే ఆధారం.

మరి దారి తెలిసినవారు కూడా ఎందుకు తగులుకుంటున్నారు? దారే నిలకడగా ఉండదు గనుక. గోదావరి ఏటా మోసుకొచ్చే ఇసుకా ఒండ్రూ మొగల దగ్గర అలల తాకిడికి ఆగి మేట వేస్తాయి. కాకినాడకు ఎదురుగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోప్ ఐలాండ్ ఆ ఇసుకతో పుట్టిందే. ఓడలు కట్టి, మరమ్మతులు చేసిన కోరంగి రేవు క్షీణించడానికి 1839 నవంబరు నాటి తుపాను ఎంత కారణమో, పాయ పూడిపోవడం అంత కారణం. 1986 ఆగస్టు, 2022 జూలై వరదల వంటివి వచ్చినప్పుడు మొగల రూపే మారిపోతుంది. నిరుడు నిలువు గెడ మునిగిన చోట ఈ ఏడు కొంగలు నిలబడి ఉంటాయి.

తెరచాప నడిచిన రోజుల్లో ఈ తిప్పలు లేవని కాదు. కాని ఆనాటి పడవ పోటుకు ఎదురు నడవలేదు. సరంగు నీటి కోసం కాచుకోక తప్పేది కాదు, కాచుకున్నంతసేపూ నీటిని చూడక తప్పేది కాదు. ఇంజను ఆ అవసరాన్ని తీసేసింది. ఏ వేళనైనా బయలుదేరవచ్చునన్న ధీమా ఇచ్చింది. గెడతో లోతు చూసుకుంటూ మెల్లగా వచ్చే పడవ మేటను తాకితే ఆగుతుంది. ఇంజను జోరుతో వచ్చే పడవ మేట ఎక్కి కూర్చుంటుంది. తాతలకు తెలిసిన విద్య మనవలకు రాదనడం అన్యాయమే అయినా, అవసరం లేని విద్య ఏ ఇంట్లోనూ నిలవదు. ఇంజను వచ్చింది గాని పోటు పోలేదు, మేటలు పోలేదు.

తగులుకున్నాక చేసే పొరపాట్లతోనే చిన్న చిక్కు పెద్ద ప్రమాదమవుతుంది. మొదట ఆపవలసింది ఇంజను. ఇసుక నీరు లోపలికి పోతే ఇంజను చెడుతుంది, తిరిగే రెక్కలు విరుగుతాయి. వచ్చిన దారిలోనే వెనక్కు గెడ వేయాలి, బరువును తేలుతున్న వైపుకు జరపాలి. నీరు తీస్తుంటే ఇదంతా నిమిషాల మీద జరగాలి. సాధ్యం కాకపోతే పంతం మానుకుని, లోతు ఉన్న వైపున లంగరు వేసి కాచుకోవడమే మేలు. లేకుంటే తిరిగి వచ్చే నీరే పడవను మేట మీదికి మరింత నెడుతుంది. ఒరిగేటప్పుడు పడవ మెరక వైపుకు ఒరిగేలా చూడాలి. లోతు వైపుకు ఒరిగిన పడవలోకి, అది తేలకముందే పోటు నీరు చొరబడుతుంది. ఒడ్డు దగ్గరే కదా అని దిగి నడవడం అన్నిటికంటె చేటు. కోరంగి మడ అడవుల పాయల్లో బురద తొడల దాకా దిగుతుంది, ఆల్చిప్పలు కాళ్లు కోస్తాయి, నీరు మాత్రం మనిషి కోసం ఆగదు.

రేవులో కట్టిన పడవకూ పోటు గండం ఉంది. నిండు నీటిలో పొట్టి తాడుతో కట్టిన పడవ పాటు వేళకు తాడు మీద వేలాడుతుంది. పాటులో మెట్ల చెక్క కింద దూరిన పడవ అంచు పోటెక్కేటప్పుడు అక్కడే ఇరుక్కుని, పడవ నిండి మునుగుతుంది. ఇవి ఎవరి తప్పిదమని వాదించుకునేలోపు ఒక కుటుంబం జీవనాధారం నీటి పాలవుతుంది.

అన్నిటికంటె భయంకరమైనది మొగ. పాటు నీరు సముద్రంలోకి జోరుగా లాగుతున్నప్పుడు, సముద్రం మీది నుంచి గాలి ఎదురు వీస్తే మేట మీద అలలు నిట్టనిలువుగా లేచి విరుగుతాయి. అక్కడ తగులుకున్న పడవ అడ్డం తిరిగితే బోల్తా పడడానికి ఒక్క అల చాలు. ఆ వేళకు మొగ దగ్గరకు రాకపోవడమే దానికి మందు. వేట నుంచి తిరిగివచ్చేవారు పోటు ఎక్కేవరకు బయట లోతు నీటిలో ఆగడం పిరికితనం కాదు.

ఇదంతా మత్స్యకారులకు తెలియనిదా అని అధికారులు తప్పించుకోవచ్చు. తెలిసినవారికీ గుర్తులు కావాలి. పడవలో కూర్చున్న బడిపిల్లకు, మడ అడవి చూడవచ్చిన యాత్రికుడికి తెలియవలసిన పని లేదు, వారిని తీసుకువెళ్లేవారికి తెలిసి ఉండాలి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర వరద గౌతమిలో నాటుపడవ వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తాపడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న బాలికలను ఏరు మింగింది. దానికి కారణం మేట కాదు. అయితే ఏరు దాటే ప్రతి పడవలోనూ ప్రాణరక్షణ కవచాలు ఉండాలని ఆ దుర్ఘటన నేర్పిన పాఠం మేట మీద ఆగిన పడవకూ వర్తిస్తుంది.

చేయవలసిన పనులకు కోట్లు అక్కరలేదు. పోటుపాట్ల వేళల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే వేస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్ర పరిస్థితిని రోజూ తెలియజేస్తుంది. ఆ సమాచారం కాగితాల మీదా ఫోన్లలోనూ ఉంటే సరిపోదు. ప్రతి రేవులో నల్లబల్ల మీద, ఆ రేవు వేళకు సరిచేసి, తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పట్టిక చెప్పిన వేళ గాలికీ వరదకూ అటూ ఇటూ అవుతుందన్న హెచ్చరిక కూడా పక్కనే రాయాలి. వరదలు తీశాక ప్రతి మొగలోనూ స్థానిక మత్స్యకారుల చేతనే లోతు చూపించి, దారి పొడవునా గుర్తు గెడలు పాతించాలి. ఆ పనికి కూలి ఇవ్వాలి. మునిగివున్న పాత వలకొయ్యలను తీయించాలి. పంటు నడిపే కాంట్రాక్టరుకు రేవు వేలంలోనే లోతు చూడవలసిన బాధ్యత అంటగట్టాలి.

పడవవారు కూడా తమ వంతు చేయాలి. గెడ, లంగరు, పొడవైన తాడు, నీరు తోడే డొక్కు లేకుండా పడవ కదలరాదు. ప్రయాణికులు తొందరపెట్టినా నీరు లేని వేళ బయలుదేరరాదు. ఒక గంట ఆలస్యమైతే పోయేది గంటే. నీరు తీసేవేళ తొందరపడితే పోయేది పది గంటలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాలు. వచ్చే వరదల తర్వాత మొగలు మళ్లీ మారతాయి. ఆలోగా రేవుల్లో బల్లలు, మొగల్లో గెడలు నిలబెట్టడం జిల్లా యంత్రాంగం బాధ్యత.