దిగుడు దారిలో ఆటోమేటిక్ కారు



కోనసీమలో గల్ఫ్ జీతం ఎరుగని వీధి అరుదు. కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఏళ్ళ తరబడి ఇంటి డ్రైవర్లుగా పనిచేసి తిరిగి వచ్చినవారు మన మధ్య అనేకులున్నారు. అక్కడ వారు నడిపినవి చాలా వరకు ఆటోమేటిక్ కార్లే గనుక, ఊరికి వచ్చాక కూడా అటువంటి కారే కొనుక్కుంటున్నారు. క్లచ్ తొక్కే పని లేనందున ఇంట్లోని స్త్రీలు త్వరగా నేర్చుకోగలుగుతున్నారన్నది మరొక కారణం. ఇది సంతోషించదగిన విషయమే. అత్తగారిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఎవరి ఇంటి తలుపూ తట్టనవసరం లేని కోడళ్ళను మేము ఇప్పుడు చూస్తున్నాము.

ఈ నెల మురమళ్ళ నుండి ఒక సోదరుడు మాకు సుదీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. ఆయన కువైట్‌లో పద్నాలుగేళ్ళు కారు నడిపారు. బండికి ఒక్క గీత కూడా పడనివ్వలేదట. కుమార్తెను చింతూరులో ఇచ్చారు. మొన్న చలికాలంలో తల్లిని, భార్యను, చిన్న పిల్లలిద్దరిని తన ఆటోమేటిక్ కారులో ఎక్కించుకొని ఆమెను చూసి వచ్చారు. తిరుగు ప్రయాణంలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగుతుండగా ముందు కాలిన వాసన వచ్చింది. మరికొంత దూరం పోయాక బ్రేకు పెడల్ మెత్తబడి, కాలి కింద లోపలికి జారిపోసాగింది. ఎలాగో కొండ వైపున బండిని ఆపగలిగారు. అల్‌హందులిల్లాహ్, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆనాటి నుండి ఆయన తల్లిగారు ఆ కారులో కాలు పెట్టడం లేదు. ఇప్పుడు కుమార్తెకు ఏడవ నెల. కాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. "నా కొడుకు చేతి మీద నాకు నమ్మకముంది గాని, ఆ బండి మీద లేదు" అంటున్నారట ఆ పెద్దావిడ. కారు అమ్మివేసి గేర్ల బండి కొనమంటారా అని ఆ సోదరుడు అడిగారు.

మేము మదర్సాలో పాఠాలు చెప్పుకొనేవారమే గాని మెకానిక్కులము కాము. అయినా కుటుంబ భద్రతకు సంబంధించిన ప్రశ్న గనుక, తెలిసినవారిని అడిగి, కార్లతో పాటు ఇచ్చే పుస్తకాలను చదివి ఈ సమాధానం వ్రాస్తున్నాము. అమ్మనవసరం లేదు. ఆ కారులోనే గేర్లు ఉన్నాయి. వాటిని చేతితో ఎంచుకొనే వీలు కూడా చాలా కార్లలో ఉంది.

గేరు కర్ర దగ్గర 'డి' అనే అక్షరం పక్కన 'ఎం' అనో, కూడిక, తీసివేత గుర్తులో కనిపిస్తాయి. కొన్ని కార్లలో 'ఎల్' అనో, 'ఎస్' అనో, '2' అనో ఉంటుంది. 'డి'లో ఉన్నంత వరకు ఏ గేరు వేయాలన్నది యంత్రం నిర్ణయిస్తుంది. 'ఎం'లోకి మార్చితే ఆ నిర్ణయం మన చేతికి వస్తుంది. క్లచ్ పని మాత్రం యంత్రమే చూసుకుంటుంది. కర్మాగారంలో పెద్ద సంఖ్యలో తయారైన తొలి ఆటోమేటిక్ గేరుబాక్సు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. గేర్లను చేతితో కూడా మార్చుకొనే ఈ పద్ధతికి సుమారు 1990లో పోర్షే కంపెనీ 'టిప్‌ట్రానిక్' అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో తక్కువ ధర ఆటోమేటిక్ కార్లు మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. ఏఎంటీ అని పిలిచే ఆ రకంలో గేరుబాక్సు మామూలుదే. క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాము. కువైట్ చదునైన నేల. మన కోనసీమ కూడా గోదావరి మేట వేసిన చదును నేలే. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు పోయే 216వ నంబరు జాతీయ రహదారి యానాం, ఎదుర్లంక, మురమళ్ళ, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా సాగుతుంది. ఈ భాగంలో బాలయోగి గారి పేరిట ఉన్న గౌతమి వారధిని మించిన ఎత్తు మనకు దాదాపు తగలదు. అంటే ఆ సోదరుడు ఒక చదును నుండి మరొక చదునుకు వచ్చారు. పద్నాలుగేళ్ళ అనుభవంలో కొండ దిగవలసిన అవసరమే రాలేదు. ఆయన నేర్పులో లోపమేమీ లేదు. ఆ పాఠం ఆయన దారిలో ఎదురుకాలేదు, అంతే.

కొండ దిగేటప్పుడు 'డి'లో ఉన్న యంత్రానికి ముందున్న మలుపు కనబడదు. డ్రైవరు యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీశాడు గనుక ఇక బలం అవసరం లేదనుకొని, చాలా కార్లలో అది పై గేరుకు పోతుంది. పై గేరులో ఇంజిను బండిని వెనక్కి పట్టి ఉంచలేదు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. ఆ భారమెంతో ఒక లెక్క చూడండి. మనుషులతో, సామానుతో కలిపి 1300 కిలోల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుండి కిందికి దిగిందనుకుందాము. వేగం పెరగకుండా ఆపడంలో పుట్టే వేడి, గది వేడిమిలో ఉన్న సుమారు 13 లీటర్ల నీటిని మరగబెట్టడానికి సరిపోతుంది. వలీమా వంటకు పొయ్యి మీద పెట్టే దేగిచాను గుర్తు తెచ్చుకోండి. గాలికి, ఇంజినుకు పోయే వంతు పోగా, మిగిలిన వేడి అంతా నాలుగు చక్రాల దగ్గరున్న చిన్న ఇనుప బిళ్ళలు, డ్రమ్ములు భరించాలి.

ఆ వేడి బ్రేకు ద్రవానికి చేరుతుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకుండా నిలవాలి. డాట్ 4 అయితే 230 డిగ్రీలు. అయితే ఈ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తగినంత నీరు చేరిన తరువాత ఆ అంకెలు 140కి, 155కి పడిపోవచ్చు. కాలువల మధ్య, కొబ్బరితోటల మధ్య, ఏడాది పొడవునా ఉక్కపోత వీడని మన ప్రాంతంలో పాత ద్రవం ఎంత తేమ తాగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నొక్కిన బలం చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే అదే కుంచించుకుపోతుంది. ఆ సోదరుని కాలి కింద పెడల్ మెత్తబడి జారిపోవడానికి ఇదే కారణమై ఉండాలి. బండి చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడిందని ఆయనే వ్రాశారు. కనుక ప్రయాణానికి ముందు బ్రేకు ద్రవం మార్పించి, ప్యాడ్లు చూపించాలి. రెండేళ్ళకొకసారి ద్రవం మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి.

దిగే పద్ధతి ఇది. దిగుడు మొదలుకాక ముందే, బండి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే 'డి' నుండి 'ఎం'కు మార్చాలి. వేగం పెరిగిన తరువాత మార్చబోతే కొన్ని బండ్లు ఒప్పుకోవు. ఇంజిను పాడవకుండా యంత్రమే అడ్డుపడుతుంది. ఏ గేరు వేయాలన్నదానికి పాత లారీ డ్రైవర్లు చెప్పే కొలత ఒకటుంది: అదే వాలును ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికి కూడా అదే గేరు. మారేడుమిల్లి ఘాట్‌లోని వంపులకు చాలా చోట్ల రెండవ గేరు, కొంత మంద వాలులో మూడవది సరిపోతాయి. ఇంజిను శబ్దం పెరుగుతుంది. ఇంట్లోవారు కంగారు పడవచ్చు. అది బండిని పట్టి ఉంచుతున్న శబ్దమని వారికి ముందే చెప్పి ఉంచండి. అప్పటికీ వేగం పెరుగుతుంటే బ్రేకును గట్టిగా, కొద్దిసేపు నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలాలి. కాలు దాని మీదనే ఆనించి ఉంచడం వల్లనే వేడి పేరుకుపోతుంది. కూడిక గుర్తు ముందుకు ఉందో వెనక్కు ఉందో కారును బట్టి మారుతుంది. దానిని ఇంటి ముందర నిలబడి చూసుకోవాలి గాని మలుపులో వెతుక్కోకూడదు.

న్యూట్రల్‌లో దిగితే నూనె ఆదా అవుతుందని చెప్పేవారు మన పేటల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇది ప్రమాదకరమే కాక, లెక్క ప్రకారం కూడా తప్పు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, నేటి ఇంజిన్లు చాలా వరకు ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తాయి. చక్రాలే ఇంజినును తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగిపోకుండా ఉండడానికి కొంత ఇంధనం కాలుతూనే ఉండాలి. పొదుపు చేస్తున్నామనుకొని ఖర్చు చేయడమన్నమాట. ఇంజినే ఆపివేసి దిగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. నాలుగైదు సార్లు నొక్కేసరికి బ్రేకుకు అందే సహాయం కూడా అయిపోతుంది.

కాలిన వాసన వస్తే వెడల్పైన చోటు చూసి ఆగాలి. చక్రాల మీద నీళ్ళు పోయకూడదు. 'పి'లో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం ఉంచి, అరగంట చల్లారనివ్వాలి. ఏఎంటీ బండ్లలో 'పి' ఉండకపోవచ్చు. వాటిని గేరులో ఉంచి ఆపాలి. నడుస్తుండగానే పెడల్ జారిపోతే పదేపదే నొక్కుతూ, గేరును ఒక్కొక్క మెట్టే దించుతూ, చేతి బ్రేకును కొద్దికొద్దిగా లాగాలి. లోయ వైపుకు కాక కొండ వైపుకు బండిని తిప్పాలి. ఇరుకు చోట ఎదురుగా ఎక్కి వచ్చే వాహనానికి దిగేవారు దారి ఇవ్వాలన్నది మన దేశపు రహదారి నియమం కూడా.

2019 అక్టోబరులో ఇదే ఘాట్‌లో కర్ణాటక పర్యాటకుల వాహనం లోయలో పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. కనుక ఆ పెద్దావిడ భయాన్ని ముసలితనపు చాదస్తమని తేలికగా తీసుకోవద్దని ఆ సోదరునికి మా మనవి. కారులో కూర్చున్నవారు నడిపేవాని చేతిలో అమానతు. ఉమ్రాకు వెళ్ళినవారిలో కొందరు మక్కా నుండి తాయిఫ్‌కు అల్‌హదా కొండదారిలో పోయి ఉంటారు. సముద్ర మట్టానికి 1800 మీటర్లకు పైగా ఉన్న ఆ ఊరి నుండి దిగి రావడం ఎలాంటిదో వారికి తెలుసు. ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ మీదికైతే నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లనే పోలీసులు పోనిస్తారు. అక్కడ పనిచేసి వచ్చినవారు మీ ఊరిలో ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకోవడం అన్నిటికంటే మేలు.

చదును రోడ్డు మీద ఈ 'ఎం' ఎంత వరకు అవసరమని కూడా అడిగారు. అంతగా అవసరం లేదు. మురమళ్ళ నుండి అమలాపురం పోయేటప్పుడు 'డి'లోనే ఉంచండి. గేర్లతో ఆడుకుంటే నూనె ఖర్చు తప్ప లాభం లేదు. కొబ్బరికాయల లారీని దాటవలసి వస్తే మాత్రం, ఎదురు దారి ఖాళీగా కనిపించినప్పుడు ఒక గేరు ముందుగానే దించుకొని దాటడం మంచిది. 'డి'లో ఉండి యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే, ముఖ్యంగా ఏఎంటీ బండ్లు, ఒక క్షణం ఆలోచించి గాని కదలవు. రెండు వరసల రోడ్డు మీద, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ క్షణం చాలా పెద్దది.

మన ప్రాంతంలో ఈ గేరు నిజంగా పనికివచ్చే చోటు రేవు. కోటిపల్లి–ముక్తేశ్వరం దగ్గర గాని, సఖినేటిపల్లి–నరసాపురం దగ్గర గాని పంటు మీదికి కారు దించేటప్పుడు ఒకటవ గేరులో ఉంచి, బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకొని నెమ్మదిగా దిగాలి. అవతలి ఒడ్డున ఎక్కేటప్పుడు ఏఎంటీ కారు వెనక్కి జారవచ్చు. దానిని యాక్సిలరేటర్‌తో పట్టి నిలబెడితే క్లచ్ కాలిపోతుంది. చేతి బ్రేకుతో నిలిపి, బలం అందాక వదలాలి.

ఇక చింతూరు ప్రయాణం. ముందు ఒక ఉదయం ఆ సోదరుడు ఎవరినీ ఎక్కించుకోకుండా, తోడు ఒక్కరితో మాత్రం రంపచోడవరం దాటి మారేడుమిల్లి వరకు పోయి, 'ఎం'లో దిగి రావడం అభ్యాసం చేయాలని మా సలహా. వచ్చాక తల్లిగారికి ఆ చక్రాలను చేతితో తాకి చూపవద్దు, ఇంకా వేడిగానే ఉంటాయి. పెడల్ గట్టిగా ఉందని మాత్రం చూపించండి. కుమార్తెను తెచ్చే రోజున ఫజ్ర్ తరువాత బయలుదేరితే ఘాట్ అంతా పగటి వెలుగులోనే ముగుస్తుంది. మారేడుమిల్లిలో ఒక గంట ఆగండి. గర్భిణికి నడుము చాపుకోవడం అవసరం, బండికి చల్లారడం అవసరం. ఆమె బెల్టు కింది పట్టీ కడుపు మీద కాకుండా, కింద తుంటి ఎముకల మీదుగా పోయేట్లు చూడాలి. డాక్టరమ్మ ప్రయాణానికి అనుమతించిన తరువాతే తేదీ నిర్ణయించుకోండి. క్షేమంగా చేరాక మాకు ఒక్క ముక్క వ్రాయండి, ఇన్‌షా అల్లాహ్.