మినహాయింపు ఉంది, కంచం లేదు

కంకిపాడులో ఒక ఇంట్లో నేను వేసిన ప్రశ్న తెలివితక్కువది. ఆవిడకు యాభై దాటాయి, పదేళ్లుగా షుగరు. "జబ్బుంటే రోజా మానొచ్చని మీ మతమే చెప్తోంది కదా, ఎందుకుంటున్నారు?" అన్నాను. ఆవిడ నవ్వింది. "ఒక్కపొద్దు మానొచ్చని నాకూ తెలుసమ్మా. మానితే తినాలి గదా. ఎక్కడ కూచుని తినమంటావు?"

ఖురాన్ రెండో సూరా 184, 185 వాక్యాలు రోగులకు ఉపవాసం నుంచి సడలింపు ఇచ్చాయి. కోలుకున్నాక తీర్చుకోవచ్చు, ఆ ఆశ లేనివాళ్లు రోజుకో పేదకు అన్నం పెట్టవచ్చు. అయినా 2001లో 13 దేశాల్లో పన్నెండు వేలమందికి పైగా షుగరు రోగులను పరిశీలించిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్-2 వారిలో 79 శాతం కనీసం పదిహేను రోజులు ఉపవాసమున్నట్టు తేలింది. రక్తంలో చక్కెర పడిపోయి ఆస్పత్రి పాలవడం వారిలో ఆ నెల ఏడున్నర రెట్లు పెరిగింది.

దీన్ని అజ్ఞానమనడం తేలిక. నెలసరి రోజుల్లో స్త్రీలు రోజా ఉండకూడదన్నది మత నియమమే. ఆ రోజుల్లో కూడా మగవాళ్ల కంటపడకుండా మంచినీళ్లు కొంగుచాటున తాగడం ఆడపిల్లకు పన్నెండేళ్లకే నేర్పుతారు. నలభై ఏళ్ల ఆ అలవాటు షుగరు మాత్ర దగ్గర ఎలా పోతుంది? పైగా తప్పిన ఆ రోజుల్ని తర్వాత ఒంటరిగా తీర్చుకోవాలి. ఇల్లంతా నిద్రపోతుంటే తనొక్కదాని కోసం సహరీ వండుకునేదెవరు? నీళ్లు తాగి ఉపవాసం పడుతుంది. పేదకు అన్నం పెట్టి ఊరుకుందామన్నా డబ్బు కొడుకు చేతిలో ఉంటుంది. ఆ ఇంట్లో అసలు పేద ఆవిడే.

రంజాన్‌లో మూడింటికి లేచి, అందరికీ వండి వడ్డించి, అజాన్‌కు ముందు నాలుగు ముద్దలు మింగి గ్లిమిపిరైడ్ వేసుకుంటుంది. తిండి లేకపోయినా ఆ మాత్ర చక్కెరను దింపుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికి చెమటలు, చేతుల వణుకు. సాయంత్రం ఇఫ్తార్‌కు నూనె మూకుడు ముందు కూచునేదీ ఆవిడే. సహరీ మోతాదు తగ్గించి అసలు మోతాదు ఇఫ్తార్‌కు మార్చే పద్ధతి వైద్యంలో ఉంది. ఆవిడ చూపించుకున్న డాక్టరు మాత్రం "ఉపవాసాలు మానెయ్" అని చీటీ చేతిలో పెట్టాడట.

మనమేం తక్కువ కాదు. ఈ సంగతి ఒక సమావేశంలో ఎత్తితే "వాళ్ల మతంలో అంతే" అంది ఒక సహచరి. మా అమ్మ షుగరుతోనే కార్తీక సోమవారాలు నక్షత్రం కనపడేదాకా ఉండేది. దాన్ని ఎవరూ ఛాందసం అనలేదు, నిష్ఠ అన్నారు.

రంజాన్‌కు ముందు నెల షాబాన్‌లోనే మనం ఈ వీధుల్లోకి వెళ్లాలి. వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదని, 70కి దిగితే ఆ క్షణమే విరమించాలని చెప్పాలి. అయితే ఎప్పటిలాగా ఆడవాళ్లనే కూచోబెట్టి "అవగాహన కల్పించి" రావడం కాదు. ఈసారి భర్తలు, కొడుకులు చాపమీద కూచోవాలి. మధ్యాహ్నం కంచం వాళ్లే పెట్టాలి, అదీ నడిగదిలో.

పోయిన రంజాన్‌లో ఆవిడ నాలుగు రోజులు పగలు తిన్నదట. బియ్యం డ్రమ్ము వెనక, నిలబడి.