ఈ మధ్య చూసిన రెండు సినిమాలు

విడుదలైనప్పుడు చూడలేకపోయిన రెండు సినిమాలను మొన్న వరుసగా చూశాను. రెంటిలోనూ కథానాయకుడు ప్రియదర్శే కావడం యాదృచ్ఛికం.

‘మల్లేశం’ (2019), ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో బాధపడే తల్లి కోసం యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందని తెలిసి కూడా, యంత్రం ఆడుతుందో లేదోనన్న ఆత్రం నన్ను చివరిదాకా వదల్లేదు. ఇలాంటి కథకు అంతకన్నా ఏం కావాలి?

వేణు యెల్దండి ‘బలగం’ (2023) మాత్రం ఇబ్బంది పెట్టింది. ఆ ఇంటి అల్లుడికి నల్లిబొక్క దగ్గర పుట్టిన అలక ఏళ్ళ తరబడి సాగుతుంది. తాత పోయాక పిండాన్ని కాకి ముట్టదు. సాయిలు మనసు మారడం కాస్త తొందరగా జరిగిందనిపించింది. చివరి పాట కన్నీళ్ళను పట్టుబట్టి రాబట్టినట్టూ తోచింది. అయినా ఏడ్చాను. మన సినిమాల్లో చాలాకాలం నవ్వించడానికో, బెదిరించడానికో వాడుకున్న తెలంగాణ మాట, ఇక్కడ ఇంటిల్లిపాది దుఃఖాన్నీ మోసింది.

మా బాబాయితో మాకు ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. కారణం నల్లిబొక్క కన్నా పెద్దదేమీ కాదు. సినిమా అయ్యాక ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ధైర్యం చాలలేదు. సినిమా మంచిచెడ్డలు తేల్చడం సులువే. అది అడిగిన పని చేయడమే కష్టం.