నెలకిరాయి సగమే వచ్చినపుడు

నారాయణఖేడు ప్రాంతమునందలి బోరంచ గ్రామమునుండి ఒక సోదరీమణి వ్రాసిన యుత్తరమునకు ఈ మాసమున సమాధానము వ్రాయుచున్నాము. ఆమెకు నారాయణఖేడులో రెండు గదుల యిల్లొకటి కలదు. కిరాయి నెలకు 4,000 రూపాయలు. అందున్న కుటుంబము మూడు నెలలనుండి సగము మాత్రమే తెచ్చి యిచ్చుచున్నది. ఇదిగాక ఆమె కుమారుడు హైదరాబాదునకు పనికై పోయి యొక కిరాయి గదిలో నున్నాడు. అతడును అచ్చటి యజమానికి రెండు నెలలు బాకీ పడియున్నాడట. "ఇక్కడ అడుగవలసినదానను, అక్కడ బతిమాలవలసినదానను, రెండుచోట్లను నేనేమి చెప్పవలయును?" అని ఆమె ప్రశ్న.

ఇది ఆ సోదరి యొక్కతె చిక్కు గాదు. మంజీర చుట్టుపట్ల పల్లెలనుండి పట్నమునకును, చెరకు కొట్టుటకును వలసపోవుట చిరకాలముగ నున్నదే. కావున ఒకే కడుపున పుట్టినవారిలో కిరాయి పుచ్చుకొనువారును, కిరాయి ఇచ్చుకొనువారును ఉందురు. కిరాయికిచ్చినవారందఱు కలవారనుకొనుట పొరపాటు. ఆ నాలుగువేల రూపాయలతోనే మందులు కొనుకొను ముసలివారు, ఇల్లు కట్టుటకు తెచ్చిన యప్పునకు వాయిదా కట్టు వితంతువులు ఎందఱో కలరు. వారికి సగము కిరాయి వచ్చిన నెల సగము మందులే వచ్చును.

మొదట మాట్లాడవలసినది సొమ్మునుగూర్చి కాదు, తేదీనిగూర్చి. కిరాయి కట్టలేని యిల్లాలు సాధారణముగ ఏమి చేయును? యజమానురాలి గుమ్మము ముందునుండి పోవుట మానును. ఫోను మ్రోగిన ఎత్తదు. ఈ దాగుడుమూతలవలన బాకీ తగ్గదు గాని మాట పోవును. ఐదవ తేదీన కట్టవలసినది కట్టలేమని ఒకటవ తేదీననే తెలిసియుండును. ఆనాడే పోయి "అక్కా, ఈ నెల సగమే ఇయ్యగల్గుత, మిగతది ఇరవై తారీఖున కూలి పైసలు రాంగనె ఇస్త" అని చెప్పిన యెడల వినునది కోపించినను నమ్మును. యజమానురాలును ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. బాకీ మాటను కిరాయిదారుతోనే ఆడవలెను గాని బోరింగుకడ నలుగురియెదుట ఆడరాదు. సిగ్గుపడిన మనిషి మఱునాడు సొమ్ము తేదు, తాళము వేసికొని పోవును.

ఇక లెక్కకు వత్తము. మూడు నెలలు సగము చొప్పున తగ్గినది గనుక బాకీ 6,000 రూపాయలు. దీని నొక్కసారి అడిగిన వారు తేలేరు. తెచ్చిరా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెత్తురు. అప్పుడు నెలకు 120 రూపాయలు వడ్డీక్రింద పోయి, వచ్చునెల కిరాయి మఱల తగ్గును. ఆఱు నెలలు 5,000 చొప్పున పుచ్చుకొన్నచో బాకీ తీఱును. అదియు బరువైనచో పండ్రెండు నెలలు 4,500 చొప్పున పుచ్చుకొనవచ్చును.

మా కింకొక పద్ధతి మేలనిపించుచున్నది. ఆ యింటివారు వారపు కూలిమీద బ్రతుకువారని ఉత్తరమునుబట్టి తెలియుచున్నది. వారము వారము కూలి వచ్చువారిని నెలాఖరున నాలుగువేలు తెమ్మనుట కష్టము. చేతిలోని డబ్బు నెలాఖరు వఱకు నిలువదు. వారమునకు 1,000 రూపాయలు పుచ్చుకొని చూడుడు. సంవత్సరమునకు వారములు 52. అనగా 52,000 రూపాయలు. నెలకు 4,000 చొప్పున పండ్రెండు నెలలకు రావలసినది 48,000 మాత్రమే. వ్యత్యాసము 4,000 రూపాయలు బాకీలోనికి పోవును. ఎవరికిని ఎక్కువ కట్టినట్లు తోపదు. ఏడాదికి బాకీలో మూడింట రెండు వంతులు తీఱిపోవును. పొలము పనిపై ఆధారపడిన కుటుంబమైనచో వాయిదాలను పత్తియో, కందియో అమ్ముడు పోవు నెలలకు జరుపవలెను. పైసలు లేని శ్రావణమాసమున వాయిదా పెట్టి, తప్పినారని తిట్టుటలో న్యాయము లేదు.

మాటమీద జరిగిన యేర్పాటును కాగితముమీద పెట్టుట అనుమానించినట్లు కాదు. ఒక పుటలో బాకీ యెంత, వాయిదా యెంత, ఏ తేదీన అని వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. దీని ప్రయోజనము యజమానురాలికే యెక్కువ. కిరాయి బాకీకై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము ఇచ్చిన గడువు మూడు సంవత్సరములు; ఆ గడువు దాటకముందే బాకీదారు సంతకముతో బాకీని ఒప్పుకొన్నయెడల ఆనాటినుండి గడువు మఱల మొదలగును.

కిరాయిదారులకు వేఱొక జాగ్రత్త కావలెను. సగము సొమ్ము ఇచ్చినపుడు అది ఏ నెలదో చెప్పి ఇయ్యవలెను. 1872 నాటి ఒప్పందముల చట్టమున ఈ సంగతి స్పష్టముగ నున్నది. బాకీదారు ఫలానా బాకీక్రింద అని చెప్పి యిచ్చి, అవతలివారు పుచ్చుకొన్నయెడల అట్లే జమకట్టవలెను. చెప్పకున్న, ఏ బాకీక్రింద జమకట్టుటయన్నది పుచ్చుకొన్నవారి యిష్టము. ఇరువురును చెప్పకున్న ముందుబడిన బాకీకే ముందు జమ యగును. ఫోనులో సొమ్ము పంపువారు "ఆషాఢము కిరాయిలో సగము" అని రెండు మాటలు వ్రాసి పంపినయెడల అదియే సాక్ష్యము. చేతికిచ్చినవారు రశీదు అడుగవలెను. ఇయ్యనన్నచో బ్యాంకుద్వారా పంపుట మేలు.

తాళము మార్చుట, సామాను వీధిలో పెట్టుట, కరెంటు తీసివేయుట అను పనులు కొందఱు యజమానులు చేయుచున్నారు. వారికి చట్టముపైనను దయ లేదు, పిల్లలపైనను దయ లేదు. నెలకిరాయి ఇల్లు ఖాళీ చేయింపవలెనన్న, వేఱు ఒడంబడిక లేనిచోట, 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము ప్రకారము పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెను. అప్పటికిని పోకున్న కోర్టునకు పోవలెను. కిరాయి కట్టలేదను కారణముచే ఒడంబడిక రద్దయినదని దావా వేసినను, విచారణనాడు బాకీని వడ్డీతో, ఖర్చులతో చెల్లించినవారిని కోర్టు మన్నింపవచ్చునని ఆ చట్టముననే కలదు. పొలము కౌలునకును ఇట్టి వెసులుబాటు మన ప్రాంతమున ఉన్నదే. నారాయణఖేడు బీదరు జిల్లాలో నున్న రోజులలో, 1950లో, హైదరాబాదు రాష్ట్రమున వచ్చిన కౌలుదారీ చట్టము బాకీపడిన కౌలుదారును వెంటనే వెడలగొట్టక, బాకీ తీర్చుకొనుటకు అవకాశ మిచ్చినది.

ఇటీవలి యుదాహరణము సోదరీమణు లందఱికిని తెలిసినదే. 2020లో కరోనావలన పనులన్నియు నిలిచినపుడు తెలంగాణ ప్రభుత్వము మార్చి, ఏప్రిలు, మే నెలల యింటికిరాయిని అప్పుడు వసూలు చేయరాదనియు, తరువాత వడ్డీలేకుండ వాయిదాలలో పుచ్చుకొనవలెననియు ఉత్తరువు చేసినది. పలువురు దానిని మాఫీ యనుకొనిరి. అది మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ప్రభుత్వము రాష్ట్రమంతటికి చేసిన యేర్పాటునే బోరంచ సోదరి తన యింటిమట్టుకు చేసికొనవచ్చును. వడ్డీ అడుగకుండుట ఆమె యిష్టము. అడుగకున్నచో వాయిదా తప్పకుండ కట్టవలెనని గట్టిగ చెప్పు హక్కు ఆమెకు మిగులును.

కుమారుని విషయము. అతడు రెండు నెలల బాకీ పడినమాట తల్లి చెప్పవలసినది కాదు, అతడే యజమానియొద్దకు పోవలెను. వట్టిచేతులతో పోరాదు; వేయి రూపాయలైనను తీసికొని పోయి, ఏ నెలక్రిందనో చెప్పి యిచ్చి, మిగిలినదానికి తేదీలు వ్రాసి యియ్యవలెను. తాను నిలబెట్టుకొనగల తేదీలే వ్రాయవలెను. పదియవ తేదీ యని వ్రాసి ఇరువదవ తేదీన ఇచ్చుటకంటె మొదటనే ఇరువదవ తేదీ యనుట మేలు. గదిలో తోడుగ నింకొకరిని చేర్చుకొని కిరాయి పంచుకొనదలచినచో యజమాని యనుమతి ముందు పొందవలెను.

అడ్వాన్సులోనుండి బాకీ తగ్గించుకొనవచ్చునా యని ఉత్తరము చివర నడిగినారు. ఇరువురును ఒప్పుకొన్న చేయవచ్చును గాని మేము వద్దందుము. ఇల్లు ఖాళీ చేయునాడు కరెంటు బిల్లునకును, విఱిగిన తలుపునకును ఆ సొమ్మే ఆధారము. ఆ కుటుంబము ఊరు విడిచి వలసపోవుచున్నదని నిశ్చయముగ తెలిసినపుడు మాత్రము చివరి నెల కిరాయి అందులోనుండి పట్టుకొని, మిగిలినది లెక్క చెప్పి చేతికిచ్చి పంపవలెను.