మిక్సీ ఎక్కడ పెట్టాలో ఎవరు గీస్తున్నారు?

నార్సింగిలో కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళితే చేతికి ఓ బ్రోచరు ఇస్తారు. సోఫా ఎక్కడో, మంచం ఎక్కడో, బాల్కనీలో పూలకుండీ ఎక్కడో రంగుల్లో వేసి ఉంటుంది. ప్లగ్ పాయింట్లు మాత్రం ఉండవు. ఎలక్ట్రికల్ ప్లాను చూపించమంటే "అదంతా సైట్ ఇంజనీరు చూసుకుంటాడు మేడమ్" అంటారు. పూజగది ఈశాన్యంలో ఉందా అని పదిసార్లు అడిగే మనం, మిక్సీ ఎక్కడ పెట్టుకోవాలి అని ఒక్కసారీ అడగం. అడగాలంటాను నేను. అదీ గోడలు లేవకముందే.

ఇదివరకు ఇటుక గోడలు. ప్లగ్గు చాలకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకు గాడి కొట్టి, పైపు పెట్టి, సిమెంటు పూసి పోయేవాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల లేస్తున్న టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతి. అల్యూమినియం పలకలు బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. వైర్ల పైపులు, స్విచ్ పెట్టెలు ముందే ఇనుప ఊచలకు కట్టి లోపల పెట్టాల్సిందే. ఇంటి బరువు మోసేవి ఆ గోడలే కాబట్టి తర్వాత సుత్తి తగలనివ్వరు. అంటే కంప్యూటర్ మీద ఎవరో చుక్క ఎక్కడ పెడితే మన ప్లగ్గు జన్మంతా అక్కడే. పైగా ఒక అంతస్తుకు గీసిందే ముప్పై, నలభై అంతస్తులకూ దిగుతుంది.

ఆ గీయడం ఎలాగో కొంచెం చెబుతాను, నేను చేసేదీ అదే పని కనుక. రెండు దారులున్నాయి. ఒకటి ఆటోక్యాడ్ దారి. ఆర్కిటెక్టు ప్లానును అడుగున లేతగా పరిచి, దానిమీద లైటుకో గుర్తు, ఫ్యానుకో గుర్తు పెట్టి, ఏ స్విచ్చుకు ఏ లైటో వంపుగీతలతో కలుపుతాం. తేలిక, ఎలక్ట్రీషియన్‌కు చూడగానే అర్థమవుతుంది. కానీ అది ఉత్త బొమ్మ. ఆర్కిటెక్టు గోడను అడుగు జరిపితే మన గుర్తు గాల్లో మిగిలిపోతుంది. రెండోది రెవిట్ దారి. అక్కడ ప్లగ్గును గోడకే తగిలిస్తాం, గోడ జరిగితే అదీ జరుగుతుంది. నేల నుంచి ఎంత ఎత్తో, ఎన్ని వాట్లో, ఏ సర్క్యూట్‌దో దానితోనే ఉంటుంది. సర్క్యూట్ల వారీగా లోడు పట్టిక కూడా అదే వేస్తుంది.

అయితే రెండోదే గొప్ప, అది కొంటే చాలు అనేవాళ్లతో నాకు పేచీ. తలుపు తెరుచుకునే వైపు మార్చారనుకోండి, స్విచ్చు తలుపు వెనక పడుతుంది. రెండింటిలో ఏదీ దానంతటది దాన్ని సరిచేయదు. ప్లానంటే పైనుంచి చూసిన బొమ్మ కదా, అందులో ఎత్తు కనపడదు. వంటగట్టు కింద ప్లగ్గూ గట్టు పైన ప్లగ్గూ ఒకేచోట పడతాయి. వంటగదిలో గోడ గోడకూ ఎదురుగా నిలబడి చూసినట్టు బొమ్మ గీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. దాన్ని ఎలివేషన్ అంటారు. రెవిట్‌లో అయితే అది తీయడం నిమిషాల పని. అయినా ఎవరూ అడగరు, ఎవరూ తీయరు.

చోద్యమేమిటంటే, అమెరికా ఇళ్లకు ప్లానులు గీసే మనవాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు. అక్కడి కోడ్ ప్రకారం గోడవారన ఉన్న వంటగట్టు మీద ఎక్కడ చెయ్యి పెట్టినా 2 అడుగుల లోపు ప్లగ్గుండాలి. గదుల్లో అయితే గోడ వెంట 6 అడుగుల లోపు. వైర్లు బారుగా లాగే అవసరం రాకూడదని ఆ లెక్క. పొద్దంతా అలా గీసిన అమ్మాయి ఇంటికొచ్చి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మిక్సీ తగిలించుకుంటుంది!

ఆ బాక్సు పక్కనే సింకు. దానికే ఇండక్షన్ స్టవ్వు కూడా. 2000 వాట్ల స్టవ్వు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గు తట్టుకునేది 6. పక్కన 1500 వాట్ల కెటిల్ కూడా పెడితే మొత్తం 15 దాటుతుంది. వైరు వేడెక్కక ఏమవుతుంది? ఆ వేడి ముందు నిలబడేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఒక్కొక్కరికీ ఒక్కోలా మార్చలేమని బిల్డర్లు అంటారు. నిజమే. కానీ వంటగది అందరికీ ఒకటే అయినప్పుడు ఒక్క బొమ్మ సరిచేస్తే నలభై అంతస్తులూ బాగుపడతాయి. కాంక్రీటు పోయకముందు పెట్టె జరపడానికి అయ్యేది కాస్త పైపు, అరపూట పని.

ప్లాను గీసే వరసే మారాలని నా అభిప్రాయం. ముందు లైట్లు, ఫ్యాన్లు పెట్టి మిగిలినచోట ప్లగ్గులు ఇరికించడం కాదు. ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు, ఓవెన్, వాటర్ ఫిల్టరు ఎక్కడుంటాయో ఆ ఇంట్లో వండేవాళ్లను అడిగి, అవి వేశాకే తక్కినవి. మంచం దగ్గరా తలుపు దగ్గరా రెండుచోట్లా పనిచేసే టూ-వే స్విచ్చు ఉంటే అత్తగారు రాత్రిపూట చీకట్లో తడుముకోనక్కర్లేదు. షాకు కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో ఉందో లేదో కాగితం మీదే చూసుకోవచ్చు.

బుకింగ్ రోజున వంటగది ఎలివేషన్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. మీ అంతస్తు గోడలకు కాంక్రీటు ఎప్పుడు పోస్తారో కూడా అడగండి. ఆ తేదీకి ముందే గట్టు ఎత్తు, ప్లగ్గు ఎత్తు రెండూ టేపుతో కొలుచుకుని, ఆ కాగితం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇవ్వండి.