ఇంటి మాట: బంతినే నమ్ముకున్న బిడ్డ

మన బళ్లారి సీమలో ఆట అంటే ఒకప్పుడు నాటకమే. బళ్లారి రాఘవగారు రంగస్థలాన్ని ఏలినా, ఆయనకు అన్నం పెట్టింది వకీలు వృత్తి. ఉద్యోగమొకటి చేతిలో ఉంచుకొని ఆపైన ఆట ఆడుకోవాలన్నది మన పెద్దల మతం. ఫుట్‌బాలులోనూ అంతే. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టులో ఆట వెనుక కొలువు ఉండేది.

ఇప్పుడు కాలం మారింది. తోరణగల్లు దగ్గర ఉక్కు కర్మాగారం పక్కనున్న విజయనగర్‌లో 2018లో ఇన్‌స్పైర్ క్రీడా సంస్థ వెలిసింది. కర్మాగారం వారే బెంగళూరు ఎఫ్.సి. అనే ఫుట్‌బాలు క్లబ్బుకు కూడా యజమానులు గనుక, ఆ క్లబ్బు ఆటగాళ్లు సాధనకై ఇక్కడికి రావడం కద్దు. వారిని చూసిన మన పిల్లలు, "నాన్నా, నేనూ బంతి ఆడి బ్రతుకుతాను, తప్పేమిటి?" అంటే ఏమని చెప్పాలి? కసరి కూర్చోబెట్టే ముందు ఆ క్లబ్బులోని ఒక కుర్రవాని సంగతి వినండి.

సురేష్ సింగ్ వాంగ్జమ్ 2000లో మణిపురంలో పుట్టాడు. అతడు ఆడేది మిడ్‌ఫీల్డు. మన తాతలు హాఫ్‌బ్యాకు అనేవారే, ఇంచుమించు ఆ చోటు. అది ఇంటి ఇల్లాలి పని వంటిది. వెనుకవారికి ఆపద వస్తే అడ్డం పడాలి, ముందువారికి వేళకు బంతి అందించాలి, తొంభై నిమిషాలూ పరుగెత్తుతూనే ఉండాలి. పత్రికలో పేరు మాత్రం గోలు కొట్టినవానికే!

2017లో పదిహేడేళ్ల లోపు పిల్లల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగినప్పుడు సురేష్ మన జట్టులో ఉన్నాడు. మూడు ఆటలూ మనవాళ్లు ఓడిపోయారు. కాని అతడు ఆట మానలేదు. ఇండియన్ యారోస్ అనే యువకుల జట్టులో ఆడి, 2019లో బెంగళూరు క్లబ్బుకు వచ్చాడు. 2021 మార్చిలో ఒమాన్ మీద మొదటిసారి దేశపు పెద్ద జట్టులో ఆడాడు. అదే సంవత్సరం అక్టోబరులో మాల్దీవులలో జరిగిన శాఫ్ పోటీ ఫైనలులో నేపాలును మనం 3-0తో గెలిచినప్పుడు, రెండవ గోలు ఇతనిదే. 2022లో అతని క్లబ్బు డ్యూరాండ్ కప్పు గెలిచింది.

ఇంతవరకు విని, "ఇక మావాణ్ణి పంపించేయవచ్చు" అనుకోకండి. 2025 జూలైలో లీగు నడిపే హక్కుల ఒప్పందం తేలక, రాబోయే సీజనును నిర్వాహకులు నిలిపివేశారు. ఆగస్టులో బెంగళూరు క్లబ్బు తన పెద్ద జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు ఆపుతున్నట్లు ప్రకటించింది. దేశానికి ఆడినవారికే ఆ గతి పట్టినప్పుడు, చిన్న జట్టులో ఇప్పుడిప్పుడే కాలు పెట్టిన కుర్రవాని మాటేమిటి?

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఇది. పిల్లవాణ్ణి పంపండి, కాని కళ్లు తెరుచుకొని పంపండి. అకాడమీలో చేర్చేటప్పుడు మైదానం ఒక్కటే కాదు, బడి చదువు ఎట్లా సాగుతుందో అడగండి. మోకాలికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిదో కాగితం మీద వ్రాయించుకోండి. అగ్రిమెంటు ఎన్నేళ్లో, ఆట ఆగిపోతే జీతం ఏమవుతుందో, తెలిసిన వకీలుకు చూపించి గాని సంతకం పెట్టకండి. పిల్లవాడి మొదటి సంపాదనలో కొంత అతని పేరనే బ్యాంకులో వేయండి.

వెనుకటివారికి ఉద్యోగం ఇచ్చిన ధైర్యాన్ని నేటి ఆటగానికి ఇంటివారే ఇవ్వవలసి వస్తున్నది. ఆ ధైర్యం ఇవ్వగలిగితే, సాయంత్రం బంతి చంకన పెట్టుకొని బయలుదేరిన బిడ్డను గుమ్మంలో ఆపవలసిన పని లేదు.